చేబదులు కరెంటు

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆ పేరు పెట్టింది నేనే.

మీ కరెంటు బిల్లు అడుగున, ఎవరూ చదవనంత చిన్న అక్షరాల్లో, "చే.బ. యూనిట్లు" అని ఒక వరుస ఉంటుంది చూడండి. చే.బ. అంటే చేబదులు. ఆ పేరు తేల్చే మీటింగులో పదకొండు మందిమి ఉన్నాం. ప్రకటనల వాళ్లు "భవిష్య జ్యోతి", "అమృత కిరణం" లాంటి పేర్లు పట్టుకొచ్చారు. నేను సమోసా నములుతూ, వెటకారానికే, "అప్పు అంటే జనం భయపడతారు సార్, చేబదులు అనండి. పక్కింట్లో గ్లాసుడు చక్కెర తెచ్చుకున్నట్టు ఉంటుంది" అన్నాను. అంతే, చప్పట్లు. నెల తిరక్కుండా నాకు శాలువా కప్పారు. అది ఇప్పుడు మా అమ్మ మిక్సీ మీద ఉంది.

నేను చేసిన రెండో పని ఇంకా ఘోరం. దాని దగ్గరికి వస్తాను.

డాక్టర్ అలివేలు మేడం ల్యాబులో నేను మూడో ఉద్యోగిని. మొదటిది మేడం, రెండోది టీ కెటిల్. ఆవిడ తయారు చేసిన యంత్రం పెద్ద కుక్కరంత రాగి చుట్ట. మేం దాన్ని చుట్ట అనే పిలిచేవాళ్లం. ఒక వేసవి మధ్యాహ్నం మేడం దానికి ఒక బల్బు తగిలించారు. ల్యాబు మెయిన్ స్విచ్ నా చేతే ఆపించారు. ఎక్కడా కరెంటు లేదు. బల్బు మాత్రం వెలిగింది.

"ఇది ఎక్కడి కరెంటు మేడం?"

"ఈ గదిదే. వచ్చే బుధవారానిది."

సరిగ్గా గంట వెలిగించి ఆపేశారు. నేను నవ్వాను. బుధవారం పదకొండూ ఇరవైకి నా నవ్వు పోయింది. గదిలో కరెంటు పోయింది. యూపీఎస్ నిండుగా ఛార్జ్ అయి ఉంది, కానీ కంప్యూటరుకు చుక్క ఇవ్వలేదు. బయట జనరేటర్ వేయించాం. డీజిల్ కాలింది, చక్రం తిరిగింది, కరెంటు మాత్రం రాలేదు. ఆ లైనుకు తగిలించిన ప్రతిదాని నుంచీ చుట్ట తనకు రావాల్సింది లాక్కుంటోంది. అరవై నాలుగు నిమిషాలకు ట్యూబులైటు మినుకు మినుకుమని వెలిగింది.

మేడం వాచీ చూసుకున్నారు. "నాలుగు నిమిషాలు వడ్డీ."

మరుసటి వారం అదే ప్రయోగం మళ్లీ చేశాం. ఈసారి అరువు తెచ్చిన గంట కరెంటుతో ఒక పాత సోలార్ పలకను బాగుచేశాం. గడువులోపు ఆ పలక చుట్టలోకి అరవై నాలుగు నిమిషాల కరెంటును తిరిగి పోసింది. బుధవారం లైటు పోలేదు. పైగా మాకు పలక మిగిలింది.

"రాసుకో నవతా," అన్నారు మేడం. "అప్పు చెడ్డది కాదు. దాంతో ఏం చేశావన్నదే లెక్క. గడువు వచ్చేసరికి దాన్ని తీర్చే వస్తువు మన చేతిలో ఉండాలి. అంతే."

నేను రాసుకున్నాను. ఆ నోటుబుక్కు ఇప్పుడు పోలీసుల దగ్గర ఉంది.

మొదటి ఏడాది ప్రభుత్వం ఆ మాట మీదే నిలబడింది. అబద్ధమెందుకు, బాగా చేశారు. రేపటి కరెంటు తెచ్చి రెండు వేల ఎకరాల బీడులో సోలార్ పొలం కట్టారు. గడువుకు ముందే బాకీ తీరింది, ఇంకా మిగిలింది. మా నాన్న రాజేశం పనిచేసే మానేరుపేట మరమగ్గాలకు పగలంతా కోత లేని కరెంటు వచ్చింది. మా నాన్న ఫోన్ చేసి, "బిడ్డా, మీ మేడమ్‌కు దండం వెట్టిన్నని జెప్పు" అన్నాడు. చెప్పాను. మేడం సిగ్గుపడి టీ పెట్టుకున్నారు.

రెండో ఏడాది ఎన్నికలు.

ఇంధన శాఖ ప్రత్యేక కార్యదర్శి వల్లభరావు గారు మా ల్యాబుకు వచ్చి చుట్ట చుట్టూ ఒకసారి తిరిగారు, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలా.

"ఎంత దూరం నుంచి తేగలదమ్మా ఇది?"

"దూరం పెరిగేకొద్దీ వడ్డీ పెరుగుతుందండీ. యాభై ఏళ్ల దాకా అయితే..."

"యాభై ఏళ్లా!" ఆయన మొహం వెలిగిపోయింది. "అప్పటికి నేనుండను, మీరూ ఉండరు, మా మంత్రిగారూ ఉండరు."

"ప్రభుత్వం ఉంటుంది సార్," అన్నారు అలివేలు మేడం. "మనుషులకు చావుంది. ప్రభుత్వానికి లేదు. అందుకే దానికి అంత పెద్ద అప్పు పుడుతోంది. పాత బాకీ కొత్త బాకీతో తీర్చుకుంటూ వందేళ్లయినా నడపొచ్చు. కాకపోతే కట్టినవాటి నుంచి వచ్చేది వడ్డీ కంటే ఎక్కువ ఉండాలి. ఈసారి ఏం కడతారు?"

ఆయన జాబితా ఇచ్చారు. నదీతీరంలో పన్నెండు కిలోమీటర్ల రంగు దీపాలు. రెండు క్రికెట్ స్టేడియాలకు ఫ్లడ్ లైట్లు. ఒక పారిశ్రామిక వాడకు పదేళ్లు ఉచిత కరెంటు. ఆ వాడ ఎవరిదో అడగకూడదు, అడిగాను, చెప్పలేదు.

"వీటిలో గడువుకు బాకీ తీర్చేది ఏది?" అని మేడం అడిగారు.

"ప్రజల సంతోషం," అన్నారు వల్లభరావు గారు.

మేడం సంతకం పెట్టలేదు. నెల తర్వాత ఆవిడ్ని ఒక శిక్షణా కేంద్రానికి బదిలీ చేశారు. అక్కడ ఉండేవి కుర్చీలు మాత్రమే. ల్యాబు నా చేతికొచ్చింది. నేనూ సంతకం పెట్టకుండా ఉండొచ్చు. కానీ జీతం రెట్టింపు చేశారు. మా నాన్నకు అప్పుడే రెండు కిడ్నీలూ పాడయ్యాయని తేలింది. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను.

ఆ తర్వాత మూడేళ్లు నేను చూసింది ఒకటే. ప్రతి మార్చిలో రాష్ట్రం తయారుచేసే కరెంటు ఒక అంకె, వాడేది అంతకంటే పెద్ద అంకె. మధ్యలో తేడా లోటు. ఆ లోటును రేపటి నుంచి తెచ్చి పూడ్చేవాళ్లం. ఏటేటా పూడ్చిన లోట్లన్నీ కుప్పపడితే అది అప్పు. గడువు వచ్చినప్పుడు ఇంకా దూరం నుంచి తెచ్చి కట్టేవాళ్లం. అసెంబ్లీలో మాత్రం లోటు తగ్గిందని చెప్పేవాళ్లు. ఎందుకంటే చేబదులును అప్పుల పద్దులో రాయలేదు. చేబదులుకు పత్రం ఉండదు కదా! ఆ పేరు పెట్టిన మహాతల్లిని నేనే.

ఒక సోమవారం ఉదయం చుట్ట ఊరికే గూంయ్ మంది. ఏమీ ఇవ్వలేదు. సంవత్సరం మార్చి చూశాను, మళ్లీ మార్చి చూశాను. యాభై ఏళ్ల దాకా ప్రతి ఏడూ అప్పటికే వాడేశాం. ఇక ముందుకు తొయ్యడానికి చోటు లేదు. పన్నెండు రోజుల్లో నూట నలభై నాలుగు గంటల గడువు ఒకటి వస్తోంది. ఎవరో ఒకరి లైను మీద పడి తీరుతుంది.

ఇప్పుడు నా రెండో పాపం.

ఇలాంటి రోజు వస్తే కోత ఎవరి మీద పడాలో తేల్చే ప్రోగ్రాం ఏడాది ముందే రాయించారు. రాసింది నేను. సబ్‌స్టేషన్ నుంచి కొన్ని వీధులకు కరెంటు మోసే లైనును ఫీడరు అంటారు. రాష్ట్రంలో వేల ఫీడర్లు. ఎవరి మీద కోత వేసినా గొడవే. "ఎవరికి ఇబ్బంది తక్కువో వాళ్ల మీద వెయ్యండి" అన్నారు వల్లభరావు గారు. ఇబ్బందిని కొలిచేదెలా? టోల్ ఫ్రీ నంబరుకు మూడేళ్లలో వచ్చిన ఫిర్యాదులు చూశాను. తక్కువ ఫిర్యాదులున్న ఫీడరు ముందు. ఒకే ఒక్క వరుస కోడు. ఎంత ముచ్చటపడ్డానో! కులం లేదు, పార్టీ లేదు, సిఫార్సు లేదు. డేటా చెబుతుంది, మనం వింటాం.

సోమవారం మధ్యాహ్నం మొదటిసారి ఆ ప్రోగ్రాం నడిపాను. జాబితాలో మొట్టమొదటి పేరు: మానేరుపేట, నాలుగో ఫీడరు. ఫిర్యాదులు సున్నా.

మా వీధి. మా నాన్న మగ్గాల షెడ్డు. మా నాన్న వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకునే ప్రభుత్వ ఆసుపత్రి. ఆరు రోజులు. జనరేటర్ పనిచెయ్యదు. చుట్ట ఎవరి డీజిలూ వదలదు.

వల్లభరావు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన జాబితా చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒక్క ఫీడరే కదమ్మా."

"అక్కడ మా నాన్న డయాలసిస్ చేయించుకునే ఆసుపత్రి ఉంది సార్. రోగులను మరో ఊరికి మార్చండి."

"అన్నిచోట్లా యంత్రాలు నిండిపోయున్నాయట. పైగా మారిస్తే ఎందుకో చెప్పాలి. నువ్వు రాసిన పద్ధతే కదా? జాబితా మార్చమంటే ఇప్పుడు మారుస్తా. నీ వాళ్లున్నారని మార్చావని రేపు పేపర్లో వస్తుంది. పర్లేదా?"

"నదీతీరం దీపాల మీద వెయ్యండి సార్! వాడింది వాళ్లేగా!"

"నదీతీరం ఫీడరు నుంచి మూడేళ్లలో నలభై ఒక్క వేల ఫిర్యాదులొచ్చాయి." కళ్లజోడు పెట్టుకున్నారు. "వాళ్లకు ఇబ్బంది ఎక్కువ."

టేబుల్ మీద నీళ్ల గ్లాసు ఉంది. విసరలేదు. ఇప్పటికీ అదో బాధ.

మంగళవారం మానేరుపేటలో బస్సు దిగాను. మగ్గాల చప్పుడు ఎప్పటిలాగే చెవులు చిల్లులు పొడుస్తోంది. షెడ్డులో మా నాన్న స్టూలు మీద కూర్చుని తెగిన పోగు ముడివేస్తున్నాడు. మగ్గం నడిపే ఓపిక లేదు, ఇంట్లో కూర్చునే ఓపిక అంతకన్నా లేదు. లైన్‌మన్ మొగిలి అక్కడే టీ తాగుతున్నాడు. విషయమంతా చెప్పాను. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి.

"సున్నానా?" అన్నాడు నాన్న. "మొగిలిగా, మొన్న ఉగాది నుంచి ఎన్నిసార్లు పోయిందిరా కరెంటు?"

"నూరుసార్లు పోయుంటది కాక."

"మరి సున్నా ఏందిరా?"

"మీరెప్పుడన్న ఆ నంబరుకు ఫోన్ జేసిండ్రా?" మొగిలి గ్లాసు కింద పెట్టాడు. "మొగిలన్నా అని కేకేస్తరు. నేను ఉరుకొచ్చి స్తంభం ఎక్కుత. ఫ్యూజు ఏస్త, దిగుత. ఇగ రాసేదేముంది?"

"రాయాలె గదరా!"

"రాస్తే నా ఏరియాల ఇన్నిసార్లు ఎందుకు పోయిందని నాకే మెమో ఇస్తరు. ఎవడు రాస్తడు కాక?"

మూడేళ్లు కేక వేస్తే పలికే మనిషి ఉన్నాడు కాబట్టి, మా వీధికి ఇబ్బందే లేదని నా ప్రోగ్రాం తేల్చింది. మొగిలి మంచి పనివాడు. ఆ మంచితనమే మమ్మల్ని జాబితా పైకి ఎక్కించింది.

నాన్న నా వైపు తిరిగాడు. "గీ చేబదులు అన్న పేరు ఎవలు వెట్టిండ్రే?"

"నేనే."

"చేబదులు అంటే ఏందో తెలుసా నీకు? ఇచ్చెటోడు ఎదురుంగ ఉండాలె. ఆని మొఖం జూసి అడగాలె. ఆడు ఔనంటేనే తెచ్చుకోవాలె. రేపటోళ్లను అడిగిన్రా మీరు?"

"సోలార్ పొలం కట్టినప్పుడు నువ్వే కదా నాన్నా దండం పెట్టావు?"

"పెట్టిన. ఇప్పుడు గూడ పెడ్త. అప్పు ఇచ్చిపోయినా దాన్ని తీర్చే పొలం గూడ ఇచ్చిపోతున్నం. రేపటోళ్లు మనల్ని తిట్టరు. గీ రంగు లైట్లకేమిస్తరు? ఫోటోలు ఇస్తరా?"

నాకు మా నాన్న కావాలి. అందుకే చెప్పాను: "ఫిర్యాదుల లెక్క ప్రోగ్రాం ప్రతి శుక్రవారం మళ్లీ తీస్తుంది. ఈలోగా ఫోన్లు చెయ్యండి. అందరూ. ఎన్నిసార్లయినా."

ఆ మూడు రోజులు మానేరుపేటను చూసుండాల్సింది. మగ్గానికొక మనిషి, మనిషికొక ఫోన్. "తెలుగు కోసం రెండు నొక్కండి" అంటే నొక్కడం, "మీ సమస్యను క్లుప్తంగా చెప్పండి" అంటే అమ్మ అందుకోవడం.

"మా కరెంటు పొయ్యింది."

"ఎప్పుడు పోయిందమ్మా?"

"పోయినేడు."

"ఇప్పుడు ఉంది కదమ్మా?"

"ఉంటే? పోయినేడు పోలేదా? రాసుకో!"

మొగిలి మెమోకు భయపడకుండా తన ఏరియా మీద తానే డెబ్బై ఫిర్యాదులిచ్చాడు. శుక్రవారానికి పదిహేడు వేలు దాటాయి. ప్రోగ్రాం నడిచింది. మానేరుపేట జాబితా అడుగుకు జారిపోయింది. షెడ్డులో ఈలలు, కేకలు. ఎవరో నన్ను ఎత్తబోతే అమ్మ తిట్టింది.

నేను నవ్వుతూనే ఫోన్‌లో జాబితా చూశాను. ఖాళీ అయిన మొదటి స్థానంలోకి రెండోది ఎక్కింది. గుర్రాలతోగు ఫీడరు. ఫిర్యాదులు సున్నా.

ఎక్కడుందో నాకు తెలియదు. చూద్దామనుకున్నాను. నాన్నకు డయాలసిస్ టైమవుతోందని అమ్మ పిలిచింది. వెళ్లిపోయాను. చెప్పకుండా దాటెయ్యొచ్చు గానీ, ఈ కథలో నేను రాయాల్సింది ఈ నాలుగు వాక్యాలే.

గడువు వచ్చింది, ఆరు రోజులు నడిచింది, అయిపోయింది. పేపర్లో ఒక్క ముక్క రాలేదు. వల్లభరావు గారు "సాఫీగా జరిగింది" అని మెసేజీ పెట్టారు, పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మతో. ఆ "సాఫీగా" అన్న మాట చదివి ఆ వారమే గుర్రాలతోగుకు బయల్దేరాను. బస్సు, ఆటో, ఆఖరి ఐదు కిలోమీటర్లు నడక. అడవిలో ఏడు గూడేలు, ఒక చిన్న ఆరోగ్య కేంద్రం, ఒక నర్సు. పేరు పాయం సీత.

"కరెంటు పోయిన మూడో రోజు కాన్పు అయింది మేడం," అందామె. "దూలె అని, పంతొమ్మిదేళ్ల పిల్ల. బిడ్డ బాగానే పుట్టింది. తర్వాత దూలెకు ఆయాసం వచ్చింది. ఆక్సిజన్ మిషను పెట్టాను. తిరగలేదు. జనరేటర్ వేశాం. అది తిరిగింది, మిషను మాత్రం తిరగలేదు. నాకేం అర్థం కాలేదు."

నాకు అర్థమైంది.

"అంబులెన్సుకు ఫోన్?"

"సెల్ టవరు కూడా ఈ లైను మీదే ఉంది."

"అంతకు ముందు ఎప్పుడూ కరెంటు గురించి ఫిర్యాదు చెయ్యలేదా మీరు?"

సీత నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలి. గుట్టెక్కి ఎవరికి చెప్పాలి? కరెంటు లేదని చెప్పడానికి ఎవరన్నా గుట్టెక్కుతారా?"

ఉయ్యాలలో పిల్ల పిడికిళ్లు బిగించుకుని నిద్రపోతోంది. తల్లి ఊపిరి నదీతీరం దీపాలకు ఖర్చయిందని ఆ పిల్లకు ఎవరు చెబుతారు? యాభై ఏళ్ల దాకా ఉన్న గడువుల్లో ఈ పిల్ల మీద పడేవెన్ని? ఆ ఉదయమే ఫోన్‌లో దించుకున్న పట్టిక తీసి లెక్క చూశాను. ముప్పై ఎనిమిది. ఫిర్యాదుల గడిలో ఇంకా సున్నానే ఉంది. తల్లి చనిపోయాక కూడా సున్నానే.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. నాన్న చేతికి సూదులు గుచ్చిన చోట వేలితో రాసుకున్నాడు.

"నా పానం ఆ పిల్ల కాడ చేబదులు తెచ్చినవా బిడ్డా?"

"నాన్నా..."

"అడగకుంట తెస్తే దాన్ని చేబదులు అనరు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "ఇగ తీర్చు. ఎట్ల తీరుస్తవో నాకు తెల్వది. తీర్చు."

ప్రాణం తీర్చలేను. దాచినదాన్ని బయటపెట్టగలను, అంతే. మొత్తం గడువుల పట్టిక, యాభై ఏళ్లది, ఏ ఫీడరు మీద ఏ తేదీన ఎన్ని గంటలో, దేనికోసం వాడారో, ఎవరు సంతకం పెట్టారో, నా సంతకాలతో సహా, అందరికీ అందేలా పెట్టేశాను. అలివేలు మేడం కుర్చీల మధ్య నుంచి ఫోన్ చేసి, "సోలార్ పొలం లెక్క కూడా పెట్టావా?" అని అడిగారు. పెట్టాను. మంచి అప్పు కూడా కనబడాలి. లేకపోతే రేపు ఇదే వల్లభరావు వచ్చి, "అప్పులన్నీ చెడ్డవే, అందుకే ఆసుపత్రులకు కోత" అంటాడు. లైట్లు పెట్టినప్పుడు చప్పట్లు వాళ్లకే, పొదుపు చేసినప్పుడూ చప్పట్లు వాళ్లకే.

ఉద్యోగం పోయింది. కేసు నడుస్తోంది. ప్రభుత్వ వకీలు కోర్టులో ఒక్క మాటే అంటున్నాడు: ఈ పథకం వల్ల ఇబ్బంది పడ్డామని రాష్ట్రంలో ఎవరూ చెప్పలేదు.

అందుకే అడుగుతున్నాను. మీ బిల్లు ఎడమ మూలన ఫీడరు నంబరు ఉంటుంది, చూడండి. గడువులు మొదలయ్యాక కరెంటు పోయి జనరేటర్ కూడా పలకని రోజు మీకుందా? ఆ రోజు మీ ఇంట్లో ఎవరున్నారు, ఏం ఆగిపోయింది, ఎవరిని కేక వేశారు, ఎవరు పలికారు? రాసి నాకు పంపండి. అక్షరదోషాలున్నా ఫర్వాలేదు. పోయినేటి సంగతైనా ఫర్వాలేదు. మీ పక్క ఊళ్లో సిగ్నల్ లేకపోతే వెళ్లి, అడిగి, వాళ్ల తరఫున రాయండి.

దూలె గురించి నేను రాశాను. గుర్రాలతోగు ఫిర్యాదుల గడిలో ఇప్పుడు ఒకటి ఉంది.